గుడ్డలో నమిలిన కూడు

మా అత్త చచ్చిపోయినాక కూడా ఆకలితోనే ఉండాదని నాకు చాలా కాలం భయం పట్టుకుంది. ఈ మాట బయటపెడితే నవ్వేవాళ్ళు నవ్వుతారు, లేకపోతే మంత్రగాడి దగ్గర కూర్చోబెట్టి వేపమండలతో కొట్టిస్తారు. రెండూ నాకు వద్దు. అందుకే మా ఇంటాయనతో కూడా అనలేదు.

ఆమె నాకు అత్తగారు కాకముందే అత్త. మా నాయనకు సొంత అక్క. కోవిల్‌పట్టికి పక్కన, నల్లరేగడి చేల మధ్య ఆమె ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తిట్టేటప్పుడు మాత్రం రెండూ కలిసి వచ్చేవి. తన ఒక్క కొడుక్కి నన్ను చేసుకుంటానని ఆమె అడిగిన రోజు మా అమ్మ సంతోషపడింది, నేను దొడ్లోకి పోయి ఏడ్చినాను.

ఎందుకంటే ఎంగిలి. ఆ ఊళ్ళో అందరికీ ఎంగిలి పట్టింపు ఉండేది, కానీ మా అత్తకున్నంత ఎవరికీ లేదు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పేది. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే కుండంతా పాడని ఆమె లెక్క. నీళ్ళు తాగితే చెంబు ఎత్తి పట్టుకుని గొంతులోకి ధారగా పోసుకునేది, చెంబు పెదవికి తగలనిచ్చేది కాదు. నా చిన్నతనంలో ఒకసారి చెంబు మూతికి ఆనించి తాగినానని, దాన్ని నా ఎదురుగానే చింతపండు పెట్టి, బూడిద పెట్టి తోమి ఎండలో బోర్లించింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మా ఇంటాయన విరుదునగర్‌లో నూనె మండీలో తూకం దగ్గర పని. వారానికోసారి రైలెక్కి ఇంటికి వచ్చేవాడు. నూనె అడుగున మిగిలే మడ్డిలో, తగిలితే ఒళ్ళు కాల్చే కారపు సోడా కలిపి బట్టల సబ్బు చేసుకోవడం అప్పుడు మండీ వాళ్ళ ఇళ్ళలో కొత్త ముచ్చట. ఆయన కూడా కాస్త సోడా పొట్లం కట్టి తెచ్చినాడు. మా అత్త దాన్ని చెంబులో నీళ్ళు పోసి కరిగించి, చల్లారాలని పంచలో పెట్టి, పత్తి ఏరడానికి చేనుకు పోయింది. మధ్యాహ్నం ఎండకు నోరెండిపోయి వచ్చి, ఆ సంగతే మరిచిపోయి, ఆ చెంబే ఎత్తింది.

కరిగి తేరుకున్న సోడా చూడ్డానికి మంచినీళ్ళే. ఇంకొకరైతే పెదవికి ఆనించేవాళ్ళు, మొదటి చుక్కకే ఉమ్మేసేవాళ్ళు. మా అత్త ఎత్తి పోసుకుంది కదా, నాలుకకు తెలిసేలోపలే గుక్కలు గొంతు దాటిపోయినాయి. అరవలేదు. చెంబు కింద పెట్టి, మెడ మీద చెయ్యి వేసుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను పరుగెత్తి పోయేసరికి ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి, నేనేదో చేస్తానని. ఏం చెయ్యాలో నాకేం తెలుసు?

బండి కట్టి కోవిల్‌పట్టికి, అక్కడినుంచి రైల్లో మదురైకి తీసుకుపోయినాం. నోరు మానింది. లోపల, అన్నం దిగే గొట్టం మాత్రం పుండుపడి, మానేటప్పుడు ముడుచుకుని మూసుకుపోయింది. మైనం పూసిన కడ్డీలు గొంతులోకి దించి విప్పాలని చూసినారు. రాలేదు. చివరికి దొరసాని డాక్టరు పొట్ట కోసి, కడుపులోకి ఒక రబ్బరు గొట్టం పెట్టి కుట్టింది. ఇకమీదట ఈమె తిండి ఇందులోనేనని గాజు గరాటు ఒకటి నా చేతికిచ్చింది.

ఇచ్చి ఇంకో మాట కూడా చెప్పింది. తిండిని ఊరికే గొట్టంలో పోయకూడదంట. ముందు నోట్లో పెట్టుకుని రుచి చూసి బాగా నమలాలి, నమిలింది గిన్నెలోకి ఉమ్మి, దాన్ని పల్చన చేసి గరాటులో పోసుకోవాలి. నోటికి తెలియని తిండిని కడుపు తనదనుకోదు, తిప్పి పంపుతుంది అని దొరసాని తన వచ్చీరాని అరవంలో చెప్పింది. మా అత్త బుద్ధిగా తలూపింది. దొరసాని అటు పోయినాక నా వైపు తిరిగి, కాలిన గొంతుతో గరగరమంటా, "ఉమ్మింది మళ్ళీ తినేదానికి నేను కుక్కనా?" అనింది.

ఆస్పత్రికి పోతూ వస్తూ ఉండాలి కాబట్టి విరుదునగర్‌లోనే రైలు కట్టకు దగ్గరగా ఇల్లు తీసుకున్నాం. ఆ ఊరు మిరపకాయల ఊరు. మండీల్లో మిరప బస్తాలు దులిపితే వీధంతా ఘాటు. మా అత్తకు దగ్గు వచ్చేది, దగ్గితే గొట్టం పక్కనుంచి కడుపులో రసం కారేది, ఆ రసం తగిలిన చోటంతా చర్మం ఒరుసుకుపోయేది. ఆముదం రాసి, మెత్తని గుడ్డ కట్టేదాన్ని. నా చెయ్యి తగిలితే ఆమెకు సిగ్గు. మొహం గోడవైపు తిప్పుకునేది.

నమలనని పట్టుబట్టింది కదా, సజ్జ గంజి వడగట్టి నేరుగా గొట్టంలో పోసేవాళ్ళం. పోసిన కాసేపటికే ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం. పొట్ట ఉబ్బి గట్టిపడేది. తర్వాత విరేచనాలు. పాలు పోసినా అంతే, మాంసం చారు పోసినా అంతే. పోసిందంతా అట్లనే పోయేది, ఒంటికి పట్టేది కాదు. దుక్కలాంటి మనిషి, చేలో మగవాళ్ళకు దీటుగా వంగి పని చేసిన మనిషి, గాజులు మోచేతి పైకి జారేంత చిక్కిపోయింది. దొరసాని ఆమెను చూసి, నన్ను పక్కకు పిలిచి, ఇట్లనే ఉంటే వచ్చే వానలు చూడదు అనింది.

అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. గొంతు మూసుకుపోయినవాళ్ళు తమ ఉమ్మి కూడా మింగలేరు. బూడిద వేసిన చిప్ప ఒకటి పక్కన పెట్టుకుని, పొద్దస్తమానం అందులో ఉమ్ముతూ కూర్చునేది, ఎంగిలి అంటే ఇల్లు కడిగించిన మనిషి. పక్కింటి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, పొట్టతో తినే పేయి, అంటే దయ్యం, అని అరవంలో గుసగుసలాడి పోయేవాళ్ళు. ఆమె చెవులకు ఏమీ కాలేదని వాళ్ళకు తోచలేదు పాపం.

నేను అన్నం తినేటప్పుడు ఆమె వచ్చి ఎదురుగా కూర్చునేది. పొమ్మనలేను. నా చెయ్యి కంచంలోకి పోతే ఆమె కళ్ళూ పోయేవి. నేను నమిలితే, ఖాళీ నోటితో ఆమె దవడ నా దవడతో పాటే కదిలేది. ఆమెకు తెలియకుండానే కదిలేది. పళ్ళు తగిలి టక్కు టక్కుమని చిన్న చప్పుడు. నేను మింగితే ఆమె మెడ ఒక్కసారి ఎగిరి, మధ్యలో ఆగిపోయేది. నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు ఆ చప్పుడు వినలేక కంచం ముందుకు తోసేసినాను. భయం, కోపం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చినాయి. "చస్తావా అత్తా? చావాలనే ఉండాదా నీకు? మా నాయనకు నేనేం చెప్పేది?" అన్నాను. అప్పుడు నా నోటికి అదెట్లా వచ్చిందో తెలియదు. "కాకి ఎంగిలి చెయ్యి," అన్నాను.

చిన్నప్పుడు పిల్లలం మురుకో బెల్లపు ముక్కో పంచుకోవాలంటే, పావడ అంచు మీద కప్పి, గుడ్డ పైనుంచి కొరికి ముక్కలు చేసేవాళ్ళం. దాన్ని కాకి ఎంగిలి అంటారు. పంటికీ తిండికీ మధ్య గుడ్డ ఉంటే ఎంగిలి లేదు. మా అత్త ఇంట్లో పిల్లలకు ఒప్పుదలైనది అదొక్కటే. కొరికేటప్పుడు పక్కన నిలబడి గుడ్డ జరగలేదు కదా అని చూసేది కూడా.

"గుడ్డ అడ్డముంటే ఎంగిలి కాదని నువ్వే కదా చెప్పినావు. కూడు గుడ్డలో కట్టి ఇస్తాను. గుడ్డనే నములు. నీ పన్ను కూటికి తగలదు."

ఆమె నా వైపు వంగింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. గొంతులో ఏదో గరగరమనింది. అది నవ్వని నాకు తర్వాత అర్థమయింది.

"ఉతికిన గుడ్డ కావాలి," అనింది.

మా ఇంటాయన పాత పంచె, నలిగి నలిగి వెన్నలా అయిపోయినది ఉంటే, చింపి సీకాయతో ఉతికి ఆరేసినాను. మెత్తగా వండిన అన్నం, పప్పు, కాస్త నెయ్యి కలిపి నిమ్మకాయంత మూట కట్టి ఇచ్చినాను. తడిక వెనక్కి పోయింది. నన్ను అటు రావద్దనింది. ఇవతల నిలబడి విన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా నమిలే చప్పుడు. ఆ తర్వాత ఏడుపు. నోటినిండా గుడ్డ పెట్టుకుని, ఏడుస్తానే నములుతా ఉండింది. చాలాసేపటికి పిలిచింది.

"ఉప్పు చాల్లేదు," అనింది.

ఆ మూటను గిన్నెలోకి పిండి, గోరువెచ్చని నీళ్ళు కలిపి, కొంచెం కొంచెంగా పోసినాను. చెమట పట్టలేదు. పొట్ట ఉబ్బలేదు. సాయంత్రందాకా ఆమె పక్కనే కూర్చుని చూసినాను, ఏ క్షణాన లేచి పరుగెడుతుందోనని. నిద్రపోయింది. నేను ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని సంతోషంగా ఇంకో గుడ్డ చింపినాను.

తర్వాత ఇంక ఆమెకు పట్టపగ్గాలు లేవు. చిక్కుడుకాయ అనేది, ఎండుచేప అనేది, ఉల్లిపాయ సరిగ్గా వేగలేదనేది. కారం తగిలితే కడుపు మండి గొట్టం చుట్టూ ఎర్రబడేది, అయినా మిరపకాయ కాల్చి మూటలో పెట్టమనేది. గుడ్డలు ఉతికి ఉతికి నా వేళ్ళు పాచిపోయినాయి. ఒంట్లో కండ పట్టింది, గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర ఆగినాయి. దొరసాని చూసి ఎట్లా నమలడానికి ఒప్పించినావని అడిగింది.

కానీ నేను తినేటప్పుడు ఎదురుగా వచ్చి కూర్చోవడం మానలేదు. దవడ కదలడం మానింది. మెడ మానలేదు. నేను మింగినప్పుడల్లా ఆ మెడ ఎగిరి ఆగేది. ఒకసారి అడిగినాను, ఇప్పుడు కడుపు నిండుతా ఉండాది కదా అత్తా, ఇంకేంటికి అట్ల చూస్తావని.

"కడుపు నిండతాది. గొంతుకి ఏమి తెలుసే. దానికి ఆ రోజు చెంబులోంచి దిగిందే ఆఖరు," అనింది.

ఆ మాటకు నా దగ్గర మందు లేదు. గుడ్డ లేదు.

కొన్నేళ్ళు అట్ల బతికింది. ఒక చలికాలం గొట్టం దగ్గర పుండు లోపలికి చీము పట్టి, జ్వరం వచ్చి, ఆస్పత్రికి చేరేలోపల పోయింది. ఊరికి తెచ్చి దహనం చేసినాం. నేను పల్లెలోనే ఉండిపోయినాను, మా ఇంటాయన మళ్ళీ వారానికోసారి రావడం మొదలైంది.

అప్పుడు మొదలైంది నాకు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరో కూర్చున్నట్టుండేది. తలెత్తి చూస్తే గోడ. నమిలేదాన్ని, బాగానే ఉండేది. మింగబోతే ముద్ద మెడ దగ్గర ఆగిపోయేది. నీళ్ళతో తోస్తే తప్ప దిగేది కాదు. కొన్నాళ్ళకు నీళ్ళకు కూడా భయమేసింది. వైద్యుడు చూసి లోపల ఏమీ లేదన్నాడు. ఆమె కళ్ళు నా మెడ మీదే ఉన్నాయని ఆయనకెట్లా చెప్పేది? చిక్కిపోయినాను. మా నాయన వచ్చి చూసి, అచ్చం మా అక్కలా అయిపోయినావే అని కంటతడి పెట్టుకున్నాడు.

ఏడాది తిథి వచ్చింది. అన్నం, మాంసం పులుసు, ఎండుచేప, కాల్చిన మిరపకాయ, ఆమెకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టినాం. మా ఇళ్ళలో చచ్చినవాళ్ళకు పెట్టిన ఆకును ఎవరూ ముట్టరు. వాళ్ళు తిన్నాక అది వాళ్ళ ఎంగిలి. కాకులకు పెట్టి, మిగిలింది ఆవుకు వేస్తారు. తలుపు దగ్గరికి వేసి అందరూ బయట నిలబడినారు, ఆమె వచ్చి తినిపోయేదాకా.

బయట నిలబడి నేను ఆ ఆకునే తలుచుకున్నాను. అంత కూడు ముందర పెట్టి తలుపు వేసినాం. ఆ మూసుకుపోయిన గొంతుతో ఆమె ఎట్లా తింటాది? కూడు చూసుకుంటా, దవడ ఆడించుకుంటా, ఇంకో ఏడాది కూర్చుంటాదా? ఏదో మరిచిపోయినానని చెప్పి లోపలికి పోయి గడియ వేసుకున్నాను.

ఆకు ముందర, ఆమె కూర్చోవలసిన చోట నేనే కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని మెత్తగా నమిలినాను. మెడ దగ్గర ఎప్పటిలాగే పట్టుకుంది. నేను వదల్లేదు. మెడ మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని, మింగినాను.

"దిగింది అత్తా," అన్నాను. ఇంకో ముద్ద కలిపినాను. బయట మా ఇంటాయన తలుపు తడుతున్నాడు. "ఉండు అత్తా, ఇదీ దిగతా ఉండాది."