స్నాన బహిష్కరణోద్యమం

ఆ రోజుల్లో మాకు ఆవేశానికేం లోటు లేదు, లోటల్లా నీళ్ళకే. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చిన మేం నలుగురు బ్రహ్మచారులం నాంపల్లిలో ఒక గది తీసుకున్నాం. ఇంటాయన పొద్దున్నే కుళాయి వదిలి, మేం సబ్బు రుద్దుకునేసరికి కట్టేసేవాడు. (కళ్ళు మూసుకుని తువ్వాలు వెతుక్కోవడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు.) ఇలా కాదని మా గదిలో పెద్దవాడు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి నిఘంటువును తలగడగా వాడే డిక్షనరీ అన్నయ్య, ఒక సాయంత్రం సభ పెట్టాడు. "ఒరేయ్, యాక్టివిజం అని ఒకటుంది. లాటిన్‌లో దాని మూలానికి 'చేయడం' అని అర్థం. మనమూ ఏదో ఒకటి చెయ్యాలి!" అన్నాడు. బోలెడు చర్చ జరిగాక, కుళాయి వేళ పెంచేదాకా ఎవరూ స్నానం చెయ్యకూడదని తీర్మానించాం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

సంగతి చెప్పగానే ఇంటాయన మొహం వెలిగిపోయింది. "ఔ సారూ, మస్తు ఆలోచన చేసిన్రు. గిట్లనే నడిపించుండ్రి, నాకు నీళ్ళు మిగుల్తయి!" అన్నాడు. అయినా మేం వెనక్కి తగ్గలేదు.

ఇంతలో పిన్ని కబురు పంపింది, ఆదివారం హిమాయత్‌నగర్‌లో నాకు పెళ్ళిచూపులని. అమ్మాయి ఫోటో చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. "అన్నయ్యా, ఒక్క చెంబుడు పోసుకుంటాను" అని బతిమాలాను. "ద్రోహీ! ఉద్యమం ఏమైపోవాలిరా?" అని కుళాయికి అడ్డంగా కూర్చున్నాడు. చేసేదేముంది, డబ్బాడు పౌడరు కొట్టుకుని బయల్దేరాను. (సున్నం వేసిన గోడలా ఉన్నానంది పిన్ని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.) అక్కడ అమ్మాయి నాన్నగారు మాట్లాడుతూనే కుర్చీ జానెడు జానెడు వెనక్కి జరుపుకుంటూ దాదాపు వీధిగుమ్మం చేరారు. ఇక దాచి లాభం లేదని ఉద్యమం గురించీ, లాటిన్ గురించీ మొత్తం చెప్పేశాను. అంతసేపూ తలవంచుకుని విన్న అమ్మాయి, "చేయడం అని అర్థమైతే, మీరు మానేశారేమిటండీ?" అంది. పౌడరు మీద చెమట చారలు కట్టింది. అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది. "పోయింది, బంగారంలాంటి సంబంధం" అని పిన్ని గొణిగింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

కాసేపటికి అమ్మాయి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. "పెరట్లో నీళ్ళు తోడిపెట్టాను. మీరు స్నానం చేసి రండి, అప్పుడు సరిగ్గా చూస్తాను" అంది. కట్టేస్తారన్న భయం లేకుండా సబ్బు రుద్దుకున్నది ఆ ఊరొచ్చాక అదే మొదలు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటుకి నీళ్ళ ట్యాంకరు రాని రోజున నేను నలుగురినీ పోగేసి, పౌరహక్కులంటే ఏమిటో మొదలుపెడతాను. "అర్థాలు తర్వాత చెబుదురుగానీ, ముందు ఈ బకెట్టు పట్టుకోండి" అంటుంది మా ఆవిడ. పట్టుకుంటాను.