టెలిఫోనుకు తల ఊపిన రోజు

ఈ సంగతి నా నోటితో ఇంతవరకు మా అవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, ఆ డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "కర్నూలులో ఎండ చాలా ఎక్కువ" అని మాత్రమే ఉంది. ఎండ మాట నిజమే. కానీ ఆ ఎండలో ఒక డేరా కింద నేను వెలగబెట్టిన ఘనకార్యం ముందు ఎండ ఏపాటిది? నవ్వేవాళ్ళు నిర్భయంగా నవ్వండి. మీరు నా ఎదుట లేరు కాబట్టి నాకు సిగ్గేమీ లేదు. మనిషి ఎదుట ఉంటేనే నాకు సిగ్గు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

మాది మైదుకూరు దగ్గర పల్లె. మా ఊళ్ళో వానలకు కరువు, మా ఇంట్లో మాటలకు కరువు. మా నాయన మంచి రైతు, మంచి మనిషి. కానీ మాట్లాడడు. నిలువుగా తల ఊపితే ఔను, అడ్డంగా ఊపితే కాదు, భుజం మీది కండువా తీసి దులిపితే ఆలోచిస్తున్నాడని. మా ఎద్దులకు కూడా ఆ భాష వచ్చు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను అచ్చంగా నాయన బిడ్డనే. బళ్ళో హాజరు పిలిస్తే తల ఊపేదాన్ని. టీచరు పుస్తకంలోంచి తలెత్తదు కాబట్టి, ముందు వరసలో కూర్చుని కూడా నేను ఎన్నోసార్లు బడికి రాని పిల్లనయ్యాను.

ఇంట్లో మాటల మనిషి ఒకరే, మా అవ్వ. నాయనకు తల్లి. కళ్ళకు పొరలు కమ్మి మనుషులు ఆమెకు నీడల్లా కనిపించేవాళ్ళు.

"ఏమప్పా, చెనిక్కాయలు పీకేదానికి కూలోళ్ళు రేపొస్తారా?" అని అడిగేది.

నాయన తల ఊపేవాడు. అవ్వ కాసేపు చూసి, నా వైపు తిరిగేది.

"ఊపినాడా మే?"

"ఊపినాడవ్వా."

"యా పక్కకు?"

"నిలువుగా."

"కన్నది నేను. వీడి మాట వినాలంటే నీ నోరు కావాల్సొచ్చె! ఏం కర్మమో."

అందువల్ల ఒక్క అవ్వ దగ్గర మాత్రం నా నోటికి గడియ ఉండేది కాదు. సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పేదాన్ని. మనుషుల ముఖాలు ఆమెకు కనపడవు కనుక వాళ్ళ గొంతులతోనే చూపించాలి. అంగడి శెట్టి ముక్కుతో మాట్లాడటం, పూజారి ప్రతి మాటకూ దగ్గడం, అన్నీ పొల్లు పోకుండా దించేదాన్ని. గుమ్మంలో ఎవరైనా కనపడితే ఠక్కున మూగదాన్నైపోయేదాన్ని.

స్కూలు ఫైనలు గట్టెక్కాక మా హెడ్మిస్ట్రెస్ కబురు పంపింది. కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్త. ఆఫీసులు సగం డేరాల్లోనే నడుస్తున్నాయి, మనుషులు కావాలి. కాలేజీ మైదానంలో ఒక రోజు ప్రతి శాఖవాళ్ళూ డేరా వేసి, చదువుకున్న పిల్లలకు ఉద్యోగాల వివరాలు చెబుతారట, అక్కడికక్కడే కొందరిని ఎంచుకుంటారట. అవ్వ దానికి వెంటనే "ఉద్యోగాల తిరునాళ" అని పేరు పెట్టింది.

అప్పటికే ఎర్రగుంట్ల నుంచి ఒక సంబంధం వాళ్ళు చూపులకొస్తామని కబురంపి ఉన్నారు. నాయన కండువాను దుమ్మంతా పోయేదాకా దులిపి, చివరికి నిలువుగా ఊపాడు. ఆ ఊపుకు అర్థం అవ్వే చెప్పింది. "ఒగ తూరి పోయి రమ్మంటాండాడు. ఏమన్నా దొరికిందా సరి. దొరకలేదనుకో, ఎర్రగుంట్లోళ్ళకు కబురు పోతాది."

నాకు దొరకాల్సిన ఉద్యోగం నేను ముందే ఎంచుకున్నాను. టెలిఫోను ఆపరేటరు! మాట్లాడతారు గానీ ఎవరికీ ముఖం కనపడదని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. సిగ్గరి పిల్లల కోసమే కొలతలు తీసి కుట్టించినట్టున్న ఉద్యోగం కదా!

తయారీలు మొదలయ్యాయి. హెడ్మిస్ట్రెస్ చెప్పింది: "నిటారుగా నిలబడు. కళ్ళలోకి చూసి జవాబు చెప్పు. చెప్పి ఊరుకోకుండా నువ్వూ ఒక ప్రశ్న అడుగు." జవాబులన్నీ రాసుకుని మా బర్రె ముందు నిలబడి వల్లించాను. బర్రె చాలా మర్యాదగా విన్నది.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళ ముందు ఆడపిల్ల కూర్చోవడమంటే ఆమెకు తెలిసింది పెళ్ళిచూపులే.

"నిటారుగా నిలబడేదేందే, పోలీసు మాదిరి? తల వంచుకో. అడిగినదానికి తలూపు. నోరు తెరిచినావంటే గయ్యాళిదనుకుంటారు. నన్ను చూసేదానికి వచ్చినోళ్ళు నా అణకువ చూసే ఒప్పుకున్న్యారు."

"ఎంతమందవ్వా?"

"ఒగరే. మీ తాత."

తీరా ప్రయాణమయ్యే వేళకు నా తలలో ఇద్దరి పాఠాలూ కలిసిపోయాయి. నాయనకు చేనులో పని. తోడుగా అవ్వే బయలుదేరింది. నాకు పట్టుచీర, తల నిండా కనకాంబరాలు, ఒక డబ్బాలో బెల్లం పాకంలో చుట్టిన చెనక్కాయ ఉంటలు. చూసినవాళ్ళు మేము ఉద్యోగానికి వచ్చామనుకోరు, ఉద్యోగాన్ని పెళ్ళాడటానికి వచ్చామనుకుంటారు.

మైదానమంతా డేరాలు. "ఏమేముండాయి మే?" అని అవ్వ అడుగుతూంటే అన్నీ చెప్పుకుంటూ నడిచాను. కాస్త అలవాటు పడదామని ముందు నర్సుల డేరాలోకి వెళ్ళాను. "రక్తం చూస్తే భయమా?" అని అడిగింది అక్కడి ఆమె. అవ్వ పాఠం ప్రకారం తల ఊపాను. "అట్లయితే పక్క డేరాకు వెళ్ళమ్మా" అంది. పక్క డేరా టీచర్లది. "పిల్లలతో గట్టిగా మాట్లాడగలవా?" అన్నాడు ఒకాయన. ఊపాను. "ఏదీ, మాట్లాడు" అన్నాడు. మళ్ళీ ఊపాను. ఆయన నాకు మంచినీళ్ళు ఇప్పించి పంపేశాడు.

సరే, నా అసలు డేరా అవి కావు కదా అని ధైర్యం చెప్పుకుని టెలిఫోనుల డేరాలో అడుగుపెట్టాను. బల్ల మీద నల్లగా, బొద్దుగా టెలిఫోను కూర్చుని ఉంది. నేను దాన్ని చూడటం అదే మొదలు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె వివరం చెప్పింది.

"మైదానం ఆ చివర డేరాలో మా ఆఫీసరుగారు ఉన్నారు. ఆయన ఒక వార్త చదువుతారు. విని, అదే వార్త ఆయనకు తిరిగి చెప్పాలి. మాట స్పష్టంగా ఉన్నవాళ్ళను శిక్షణకు తీసుకుంటారు. అంతే."

అంతే! ఉంటల డబ్బా బల్ల మీద పెట్టి నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె పిడి తిప్పి, చేతిలో పట్టుకునే ముక్కను నా చెవికి ఆనించింది.

"హలో!"

అంత గొంతు నేను జన్మలో వినలేదు. గబుక్కున లేచి నిలబడ్డాను. కొంగు సర్దుకుని తల వంచాను.

"లైనులో ఎవరైనా ఉన్నారా?"

తల ఊపాను, నిలువుగా.

"హలో! వినపడుతోందా?"

ఇంకాస్త వినయంగా ఊపాను.

"వినపడకపోతే వినపడలేదని చెప్పండి!"

అడ్డంగా ఊపాను. శుభ్రంగా వినపడుతోంది కదా, అబద్ధమెందుకు?

"సరే, చదువుతున్నాను. ఎర్రగుంట్ల స్టేషనులో నలభై రెండు కడప బండలు దిగాయి. ఆరు పగిలాయి. మిగిలినవి రేపటి గూడ్సులో నంద్యాలకు వస్తాయి. గుమాస్తాను స్టేషనుకు పంపండి. ఇప్పుడు చెప్పండి!"

నేను ఒక్కొక్క వాక్యానికీ ఒక్కొక్కసారి ఊపాను. ఆరు బండలు పగిలాయన్నప్పుడు జాలిగా కూడా ముఖం పెట్టాను.

"హలో! హలో! లైను చచ్చిందా ఏమిటి? తర్వాతివాళ్ళను పంపండి!"

కళ్ళజోడు ఆమె నెత్తి కొట్టుకుంది. "నోటితో చెప్పాలమ్మా, నోటితో! ఆయనకు నువ్వు కనపడవు!" అని, తర్వాతి అమ్మాయిని పిలవడానికి బయటికి వెళ్ళింది.

ముఖం కనపడని ఉద్యోగమని ఏరికోరి వచ్చి, కనపడని మనిషికి ముఖం చూపించిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చేతిలోని ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియక చెనక్కాయ ఉంటల డబ్బా పక్కన బల్ల మీద పడుకోబెట్టాను. దానికొక గూడు ఉంటుందని నాకు ఎవరు చెప్పారు?

"అయిపాయనా మే? ఏమన్న్యాడు?" అంది అవ్వ, బల్ల పక్కనే ఉన్న బెంచీ మీది నుంచి.

అవ్వకు తల ఊపి లాభం లేదు. నోరు తెరిచాను. తెరిచానా, ఇక అది మూతపడలేదు.

"ఏం చెప్పేదవ్వా! అది మనిషి గొంతు గాదు. బావిలో పడిన దున్నపోతు పైకి చూసి అరిచినట్టుండాది. 'హలో! లైనులో ఎవరైనా ఉన్నారా?' అంటాడు. నేను ఊపినా. 'ఎర్రగుంట్ల స్టేషనులో నలభై రెండు కడప బండలు దిగాయి! ఆరు పగిలాయి! మిగిలినవి రేపటి గూడ్సులో నంద్యాలకు వస్తాయి! గుమాస్తాను స్టేషనుకు పంపండి!' అంటాడు. నేను ఊపినా. అన్నిటికీ ఊపినా అవ్వా!"

"ఊపితే చూసుకోవల్ల గదా ఆ సామి? నాకన్నా అద్వానమా వాని కండ్లు?"

"ఆయన ఈడ లేడవ్వా! వేరే డేరాలో ఉండాడు!"

"యాడనో ఉండే మనిషికి ఈడ తలూపినావా!" అవ్వకు పొట్ట పట్టుకోవాల్సినంత నవ్వొచ్చింది. "నీ నాయన బిడ్డవే నువ్వు!"

"నవ్వొద్దవ్వా. ఇంక నాకు ఎర్రగుంట్లే గతి. ఆ పగిలిన బండల్లో నన్నూ ఒగటి అనుకో."

అప్పుడు బల్ల దగ్గర ఎవరో దగ్గారు.

"ఎవురప్పా దగ్గేది?" అంది అవ్వ.

డేరాలో మేమిద్దరమే ఉన్నాం. దగ్గింది డబ్బా పక్కనున్న నల్ల ముక్క. ఏమిటిదని దాని వైపే బిత్తరపోయి చూస్తూ ఉండగా, కాసేపటికి డేరా తెర తొలగించుకుని ఒకాయన రొప్పుతూ లోపలికి వచ్చాడు. వెనకాలే కళ్ళజోడు ఆమె. ఆయన సన్నగా, పొట్టిగా, గాలొస్తే డేరా తాడు పట్టుకోవాల్సినట్టున్నాడు.

"బావిలో పడిన దున్నపోతును నేనే" అన్నాడు. అదే గొంతు!

ఆ క్షణంలో భూమి చీలి ఉంటే, నేను దానికి వంగి దండం పెట్టి లోపలికి దిగిపోయేదాన్ని.

"పొద్దుటి నుంచి ఎంతమంది చెప్పారు! ఒకరు బండలు మరిచారు, ఒకరు గుమాస్తాను నంద్యాల పంపారు. పొల్లు పోకుండా చెప్పింది ఎవరు?"

"మా పిల్లే సామీ" అంది అవ్వ. "తెలీక ఏదో అనింది. దానికి నోట్లో మాటే లేదు."

"నోట్లో మాట లేదా? వార్త చెప్పింది, నా గొంతుతో సహా! వచ్చే నెల శిక్షణకు రా అమ్మాయ్. వస్తావా?"

నేను ఊపాను.

ఆయన కళ్ళజోడు ఆమె వైపు తిరిగి, "ఈ అమ్మాయికి మొట్టమొదట మెడ కదలకుండా కూర్చోవడం నేర్పండి" అన్నాడు.

"ఒగ ఉంట తిను సామీ, గొంతు మెత్తబడ్తాది" అని అవ్వ డబ్బా మూత తీసింది.

కాబట్టి పాఠకులారా, కర్నూలు ఎండ సాక్షిగా నేను పెట్టుకున్న ఒట్టు వినండి: తీగకు అవతల ఉన్న మనిషికి ఈ జన్మలో తల ఊపను. ఆ ముక్కను దాని గూటిలో పెట్టనిదే ఎవరి గొంతునూ ఏ పశువుతోనూ పోల్చను. ఈ ఒట్టు నేను తప్పలేదు. కానీ ఈ ఒట్టు పెట్టుకోవాల్సినవాళ్ళు మా ఇంట్లో ఇంకొకరు ఉన్నారు.

నాయన శిక్షణకు మాత్రమే పంపాడు. ఉద్యోగం మాటెత్తితే కండువా దులిపేవాడు. ఎర్రగుంట్ల వాళ్ళింకా కాచుకునే ఉన్నారు. శిక్షణ ముగిసిన రోజున మమ్మల్ని ఒక్కొక్కరినీ మా ఊళ్ళకు ఫోను కలిపి మాట్లాడనిచ్చారు. నాయనను మైదుకూరు పోస్టాఫీసుకు పిలిపించారు.

"నాయనా, నేను లక్ష్మీదేవిని. వినపడుతాండాదా?"

చప్పుడు లేదు.

"నాకు ఈడనే ఉద్యోగమిస్తామంటాండారు. చేరిపోదునా నాయనా?"

చప్పుడు లేదు. గూటిలో పెట్టని ఫోనులోలాగా దూరంగా అంగడి వీధి రొద మాత్రం వినపడింది. అవతల కండువా దులుపుతున్నాడేమోనని భయమేసింది. "నాయనా, ఏందో ఒగటి చెప్పు" అన్నాను.

అప్పుడు ఫోను దగ్గరికి పోస్టుమాస్టరు వచ్చినట్టున్నాడు.

"నిలువుగానే ఊపుతాండాడు తల్లీ, శానా సేపట్నించీ."