పొట్టేలు ఒళ్లు విదిల్చిన వేళ

ప్రమాద సమయంలో పడవలో ఉన్నవారు, ఉన్నవి: కెప్టెన్ హోదాలో నేను. మా బాపు. మా మేనమామ అంజయ్య. నల్లమూతి పొట్టేలు ఒకటి. లైఫ్ జాకెట్లు మూడు. తెడ్లు రెండు. తెరచాప ఒకటి. నీళ్లు తోడే ప్లాస్టిక్ మగ్గు ఒకటి. పసుపు నీళ్ల చెంబు, వేపమండ, కొబ్బరికాయ. గుడ్డలో చుట్టిన కత్తి. ఇన్ని సర్దుకున్నవాణ్ణి బుద్ధి ఒక్కటి ఒడ్డునే మరిచిపోయాను. కాబట్టి మునగడం ఖాయం. ఎలా మునిగామన్నదే చెప్పాలి.

మాది కొల్లాపూర్ దగ్గర, కృష్ణ వెనకనీళ్ల ఒడ్డున గొర్ల మంద ఉన్న ఇల్లు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరికి, ఊరికే ఉండలేక ఒక జాలరి వదిలేసిన పాత చెక్క పడవ కొన్నాను. ఆదివారాలన్నీ దానికే అంకితం. పలకల సందుల్లో పత్తి కూరాను, గుగ్గిలం కాచి పూశాను, కొత్త చుక్కాని బిగించాను. తెరచాపలు కుట్టేవాళ్లు మా వైపు ఎవరూ లేరు. పెళ్లి షామియానాలు కుట్టే దర్జీకి ఇచ్చాను. ఆయన అలవాటు కొద్దీ అంచు పొడవునా ఎర్ర కుచ్చులు వేలాడదీశాడు.

బాపు దాన్ని మొదటిసారి చూసినప్పుడే ఒక చూపుతో పొడవు, లోతు కొలిచేశాడు.

"గొర్లు నీళ్లు తాగెతందుకు మస్తుగుంటది."

"బాపూ, అది పడవ."

"నీళ్లల్ల ఉంటె పడవ. నీళ్లు దాంట్ల ఉంటె తొట్టి."

చాలా రోజుల వాదన తర్వాత రాజీ కుదిరింది. "నన్ను, మీ మామను ఆ ఒడ్డుకు గంగమ్మ గుడి కాడ పొడి కాళ్లతోని దించు. పడవ నీది. కాళ్లు తడిసినయా, తెల్లారి తొట్టి."

పొడి కాళ్లు! ఇంజనీరుకు అంతకన్నా స్పష్టమైన లక్ష్యం ఏముంటుంది? ఒప్పుకున్నాను.

ఒప్పుకోవలసిన ఇంకో జీవి ఉందని అప్పుడు గుర్తు రాలేదు. పడవ నీళ్లలోకి దిగుతుంటే గంగమ్మకు పొట్టేలును ఇవ్వాలని బాపు పట్టు. మా దగ్గర పొట్టేలు సరేననందే కత్తి లేవదు. మీద పసుపు నీళ్లు చల్లితే అది ఒళ్లంతా విదిల్చాలి. విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు. లేకపోతే చేతులు కట్టుకుని నిలబడాలి.

బాపు చల్లాడు. పొట్టేలు కళ్లు మూసుకుంది. మళ్లీ చల్లాడు. ఎండలో హాయిగా ఉన్నట్టుంది, నెమరు మొదలుపెట్టింది.

"గిది సర్కారు పంపకంల ఆంధ్ర నుంచి వచ్చిన పొట్టేలు బావా," అన్నాడు అంజయ్య మామ. "మన మాట దానికెట్ల సమజైతది? అల్లుడా, నువ్వు సదువుకున్నోనివి, జర 'అండీ' అని అడుగు."

అడిగాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అడిగాను. "దయచేసి ఒళ్లు విదిలించండి" అన్నాను. పొట్టేలు నా వైపు చూసింది. ఇంటర్వ్యూల్లో నన్ను అలాగే చూసేవాళ్లు.

ఈలోగా గాలి పడిపోతోంది. గాలి పోతే తెరచాప ఉత్త షామియానా. "అవతలి ఒడ్డున అడుగుదాం బాపూ, గుడి ముందర తప్పక ఒప్పుకుంటది," అని అందరినీ ఎక్కించాను. జాకెట్లు మూడే. బాపుకు ఒకటి, మామకు ఒకటి. మూడోది పొట్టేలుకు తొడిగాను.

"దానికెందుకురా? ఎట్లన్న కోసేదే గదా!"

"అవతల దిగేదాకా దాని ప్రాణం కెప్టెన్ బాధ్యత, బాపూ."

"మరి నీ ప్రాణం?"

"నాకు ఈత వచ్చు." చిన్నప్పుడు బాయిలో, నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని వచ్చు. ఆ వివరం చెప్పలేదు. "ఒకటే రూలు. పడవ కదిలినంక ఎవ్వరు లేవొద్దు."

కదిలింది. తెరచాప నిండింది, కుచ్చులు ఊగాయి, పడవ నీటిని కోస్తూ పెళ్లికొడుకులా సాగింది. సందుల్లోంచి కాస్త నీరు ఊరితే మగ్గుతో తోడి పోస్తున్నాను. బాపు కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కాళ్లు ఎంత పొడిగా ఉన్నాయో చెప్పలేను. నీళ్లకేసి చూసి, మెల్లగా అన్నాడు:

"మంచిగనే పోతాంది రా."

ఆదివారాలన్నిటికీ కలిపి అంతకన్నా పెద్ద కూలి నేను అడగలేదు. అక్కడ నోరు మూసుకుని, చేతులు కట్టుకుని ఉంటే పడవ నాదే. కానీ బాపు నిట్టూర్చాడు. "పొట్టేలు ఒప్పుకోకుంటనే తోల్కపోతున్నం. గంగమ్మ ఏమంటదో ఏమో."

నా లోపలి ఇంజనీరు మేల్కొన్నాడు. సమస్య: తడి చాలలేదు. పరిష్కారం: తడి పెంచాలి. మగ్గు నిండా నీళ్లు తీసి పొట్టేలు చెవిలో పోశాను.

పొట్టేలు విదిల్చింది. మూతి నుంచి తోక దాకా, జాకెట్టుతో సహా, తడిసిన పరుపును నలుగురు కలిసి దులిపినట్టు విదిల్చింది.

"ఒప్పుకున్నది!" బాపు దిగ్గున లేచాడు.

"గంగమ్మ ఒప్పుకున్నది బావా!" మామ కూడా లేచాడు. గుడి కనిపించేది ఎడమ వైపు. ఇద్దరూ ఎడమ అంచుకు చేరి, రెండు చేతులెత్తి మొక్కారు. పడవ కూడా వాళ్లతోపాటే వంగి మొక్కింది.

నీళ్లలోంచి తేలేసరికి బాపు, మామ జాకెట్లలో రెండు గుమ్మడికాయల్లా ఊగుతున్నారు. నాకు మాత్రం సొరకాయ బుర్ర లేదని అప్పుడే తెలిసొచ్చింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారు కదా, నేను పొట్టేలు తోక పట్టుకుని కృష్ణ ఈదుదామనుకున్నాను. దాని తోక ఉన్నదే బెత్తెడు. జాకెట్టు పట్టీ పట్టుకున్నాను. అది వెనక్కి కూడా చూడకుండా, మేత వేళైనట్టు మా ఒడ్డుకే ఈడ్చుకుపోయింది. బాపును, మామను చేపల పడవవాళ్లు ఎక్కించుకొచ్చారు. బోర్లా పడిన పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. కత్తి మాత్రం కృష్ణ పాలైంది.

ఒడ్డున అందరం నీళ్లు కారుతూ నిలబడ్డాం.

"మరి గంగమ్మ ఒప్పుకున్నది గదా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఒప్పుకున్నది అల్లుడా," అన్నాడు మామ, చెవిలో నీళ్లు దులుపుకుంటూ. "పొట్టేలును గాదు. పడవను."

బాపు నవ్వలేదు. పొట్టేలు జాకెట్టు పట్టీలు ఒక్కొక్కటే విప్పి, దాని తల నిమిరాడు. "నా కొడుకును ఒడ్డుకు తెచ్చినదాన్ని ఎట్ల కోస్తం? మందల తోలు." తర్వాత నా వైపు తిరిగి, తడి కాళ్లు ముందుకు చాపి చూపించాడు.

ఓడలు బళ్లవుతాయంటారు. మాది ఆ మెట్టు కూడా ఎక్కకుండా నేరుగా తొట్టి అయింది. నా గుగ్గిలం పని ఎంత గట్టిదో ఇప్పుడు తెలుస్తోంది. ఎప్పుడూ నీళ్లుండటంతో పలకలు ఉబ్బి, సందులన్నీ పూడుకుపోయాయి. చుక్క కారదు. నల్లమూతి పొట్టేలు రోజూ ముందు భాగాన, కెప్టెన్ చోట నిలబడి తాగుతుంది.

అందుకే కృష్ణ సాక్షిగా, గంగమ్మ సాక్షిగా, షామియానా కుచ్చుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ నీటి నడుమా, ఏ నాలుగు కాళ్ల జీవి అభిప్రాయాన్నీ మగ్గుతో అడగను.

పడవలో పట్టేవాళ్లు: నలుగురు. ఈరోజు అందులో తాగినవి: అరవై మూడు.