ఎక్కువొచ్చిన రెండడుగుల మూడంగుళాలు

ఆ రోజుల్లో మనిషి మాటకు విలువ ఉండేదని నా ఈడువాళ్లు తరచు చెబుతూ ఉంటారు. ఉండేదేమో, నేను కాదనను. నా మటుకు నాకు ఆ రోజుల్లోనూ అంకె మీదే నమ్మకం. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ గంట ప్రయాణమని ఎవరైనా అంటే, ఏ బస్సు, ఎన్నింటికి బయలుదేరింది, సాత్తూరులో ఎన్ని నిమిషాలు ఆగింది అని అడిగేవాణ్ణి. (అందువల్ల నాతో ప్రయాణానికి ఎవరూ పెద్దగా ఉత్సాహం చూపేవారు కారు.) నాకు ఇరవై రెండేళ్ల నాలుగు నెలలప్పుడు, కోవిల్‌పట్టిలో లైసెన్సున్న ఒక సర్వేయరు దగ్గర నక్షలు గీసే పనిలో చేరాను. ఆయన చొక్కా కాలరు వెనక ఎప్పుడూ ఒక స్కేలు దోపి ఉండేది గనుక మేమంతా ఆయనను స్కేలు సారు అనేవాళ్లం. మొదటి రోజే ఆయన నాకు చెప్పిన మాట ఇది: “గీత తప్పితే చెరిపేయొచ్చు అబ్బాయ్. అంకె తప్పితే ఊరు నవ్వుతుంది.” ఊరు నన్ను చూసి నవ్వే అవకాశమే లేదని నేను మనసులో తీర్మానించుకున్నాను. ఆ అవకాశం రావడానికి సరిగ్గా ఏడు నెలలు పట్టింది.

మా మేనత్త ఉండే నేతగాళ్ల సందులో ఇరవై రెండు కుటుంబాలవాళ్లు కలిసి సాత్తూరు దారిలో ఒక మెట్టచేను బేరం చేసుకున్నారు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుకునే జనం. వారి పాత సందు మూడుచోట్ల వంకర తిరిగి ఉండేది. బట్ట నేయడానికి ముందు నిలువు నూలును, అంటే పడుగును, వీధి పొడవునా సాచి గంజి పెట్టాలి. వంకర సందులో అది కుదరదు. పొడుగ్గా, తిన్నగా, తమదంటూ ఒక్క వీధి కావాలన్నది వారి చిరకాలపు కోరిక. వీధికి అటు పదకొండు, ఇటు పదకొండు స్థలాలు, ఒక్కొక్కటి ముప్పై ఆరడుగుల వెడల్పు. చేను కడంబూరులో ఉండే ఒక పెద్దాయనది. ఆయన నెలాఖరు వరకే మాట ఇచ్చారు. ఆలోగా విభజన నక్షకు ఆమోదం రాకపోతే చేను వేరేవాళ్ల చేతికి పోతుంది. అది జిల్లా సరిహద్దుకు అవతల పడినందువల్ల ఫైలు విరుదునగర్ ఆఫీసుకు వెళ్లాలి.

చిత్తు నక్షలో ‘సుమారు’ అనే మాటకు చోటుంటుంది, తుది నక్షలో ఉండదు. ప్రతి స్థలానికి నాలుగు పక్కల కొలతలు, విస్తీర్ణం, వీధి వెడల్పు, ఉత్తర దిక్కు చూపే బాణం, చుట్టూ ఉన్న చేల సర్వే నంబర్లు, మూలమూలకు పాతిన రాళ్లు, యజమానులందరి సంతకాలు ఉండాలి. వీటన్నిటికీ మించి, ముక్కల కొలతలను కూడితే ప్రభుత్వ రికార్డులో ఉన్న మొత్తం చేను కొలత రావాలి. ఈ చివరి నిబంధన నాకు ఎంతగా నచ్చిందంటే, దాన్ని అందమైన దస్తూరితో రాసి నా బల్ల మీద అంటించుకున్నాను. కొలిచే రోజున స్కేలు సారు పన్ను పీకించుకొని, దవడకు తువ్వాలు కట్టుకొని, నువ్వే పోయి రమ్మని చేత్తో సైగ చేశారు. నా జీవితంలో అంత గొప్ప సైగ అంతవరకు ఎవరూ చేయలేదు.

ఆ చేనులో ఎవరో ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తవ్విన గుంతలు మూడు ఉండేవి. సరిగ్గా వీధి రావలసిన చోటే, ఒక్కొక్కటి ఇరవై అడుగుల మేర, నడుముకు కొంచెం తక్కువ లోతు. కొలత గొలుసు పట్టిన కూలీలిద్దరూ దాన్ని గుంతల మీదుగా గాలిలో బిగించి లాగబోతే నేను కేకవేసి ఆపాను. “నేల ఎట్లా ఉంటే గొలుసు అట్లా పోవాలి!” అని స్వయంగా గుంతలోకి దిగి, ప్రతి లింకునూ మట్టికి ఆనించి, లేచిన చోట చెప్పుకాలితో నొక్కి మరీ కొలిచాను. ఇంత శ్రద్ధగా కొలిచినవాడు ఈ చుట్టుపక్కల మరొకడు ఉండడని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. (ఆ డైరీ ఇప్పటికీ ఉంది. ఆ పేజీ మాత్రం ఎవరికీ చూపను.) పొడవు మూడువందల తొంభై ఎనిమిది అడుగుల మూడంగుళాలు వచ్చింది. రికార్డులో మూడువందల తొంభై ఆరే ఉంది. తాతల కాలపు కొలత, పాపం పొరబడి ఉంటారులే అని రికార్డును క్షమించాను. పదేసి స్థలాలకు ముప్పై ఆరడుగుల చొప్పున వేసి, మిగిలిన ముప్పై ఎనిమిది అడుగుల మూడంగుళాలూ ప్రతి వరుసలోనూ చివరి స్థలానికి ఇచ్చాను. చీట్లు వేసినప్పుడు తూర్పు వరుసలో చివరి స్థలం మా మేనత్తకు వచ్చి ఉంది. ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు, చీటీ తీసింది ఆమే.

విరుదునగర్ ఆఫీసులో నక్షలు తనిఖీ చేసే ఆయనను కోవిల్‌పట్టి సర్వేయర్లంతా ఎర్రసిరా అయ్య అనేవారు. మొదటిసారి ఆయన ఒక పక్కచేను సర్వే నంబరు లేదని ఎర్రగా గీసి తిప్పి పంపారు. రెండోసారి నేనే తీసుకువెళ్లాను. ఆయన స్థలాల వెడల్పులన్నీ పెదవులు కదుపుతూ కూడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తమిళంలో ఎంతో మృదువుగా అడిగారు. “తంబీ, చేను రెండడుగుల మూడంగుళాలు పెరిగిందే. ఏం ఎరువు వేశారు?” వెనక వరుసలో నిలబడినవాళ్లంతా నవ్వారు. “నేల మీద ఉన్నదే కొలిచాను సార్” అన్నాను. “మూడోసారి ఇట్లాగే వస్తే ఫైలు మూసేస్తాను. మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టుకోవాలి” అని ఆయన నక్షను చుట్టి నా చేతికిచ్చారు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. స్కేలు సారు విషయం విని, “చివరి స్థలాల్లో ఆ కాస్తా కోసెయ్యి, కూడిక సరిపోతుంది” అన్నారు. “నేల మీద ఉన్నదాన్ని కాగితం మీద లేదని ఎట్లా అంటాం సార్?” అన్నాను. “కాగితం మీద ఉన్నది నేల మీద లేకపోతేనో?” అన్నారు ఆయన. నేను లెక్కల పుస్తకం తెరిచి మొదటి నుంచి మళ్లీ కూడాను.

ఈలోగా సంగతి సందులోకి పాకింది. మేనత్త పక్కింట్లో ఉండే ఒకావిడను మేము రేడియో పిన్ని అనేవాళ్లం. ఆమె కుళాయి దగ్గర అందరూ వినేలా, “యక్కా, నీ అల్లుడు గొలుసు బట్టితే బూమి గూడ సాగుతాదే! మా వాటా ఒక్క జానెడైనా సాగలేదే?” అన్నదట. (పడమటి వరుస చివరి స్థలం ఎవరి జోలికీ పోని ఒక ముసలాయనది. ఆయన వాటా సాగిన సంగతి ఎవరికీ పట్టలేదు.) మరునాడు పది గంటల నలభై నిమిషాలకు మా మేనత్త ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

“ఏమిరా అల్లుడా, నాకు రెండడుగులు ఎక్కువ బెట్టినావంట?”

“నేను పెట్టలేదత్తా, అదే వచ్చింది.”

“యాడ నుంచి వొచ్చె?”

“కొలతలో.”

“కొలతలో వొచ్చిందా, నేలలో ఉండాదా?”

“రెండూ ఒకటే కదత్తా.”

“ఒకటే అయితే ఆ విరుదునగరాయన ఏల తిరగ్గొట్టినాడు? ఇరవై ఒక్క ఇంటోళ్ల ముందర తలెత్తుకోని నేను సంతకం ఎట్ల బెట్టేది? నాకు ఎక్కువ వొద్దు. అది తేలేదాకా కొత్త నక్ష మీద నా సంతకమూ లేదు. రేపు తెల్లారి చేను కాడికి రా. నీ లెక్కా కణక్కూ నువ్వు తీసుకోనిరా, నా పడుగు నేను తెస్తా.”

ఒక్క సంతకం తగ్గినా తుది నక్ష తుది నక్ష కాదు. బుధవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు స్కేలు సారుతో సహా చేనులో ఉన్నాను. ఇరవై రెండు కుటుంబాలూ అక్కడే ఉన్నాయి. మేనత్త చేతిలో నలభై నాలుగు గజాల పడుగు చుట్ట ఉంది. మాట మీద ఆధారపడడం నా పద్ధతి కాదు గనుక దాన్ని బిగించి పట్టించి నా ఉక్కు టేపుతో కొలిచాను. నూట ముప్పై రెండు అడుగుల అర అంగుళం వచ్చింది. “అర అంగుళం తేడా ఉందత్తా” అన్నాను విజయగర్వంతో. “అది కొస ముడిరా” అంది ఆమె.

చేను మొదటి రాయి దగ్గర పడుగు కొస పట్టారు. రెండు వెదురు కర్రలను కత్తెరలాగా కట్టిన ఊతకాళ్లను వరుసగా నిలబెట్టి, వాటి మీద పడుగును సాచుతూ పోయారు. గుంత వచ్చిన చోట మగవాళ్లు లోపలికి దిగి, పొడుగు కర్రలు కట్టి, కింద ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేశారు. పడుగు ఎక్కడా వంగలేదు. మొదటి పడుగు కొస దగ్గర సున్నంతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి రెండోసారి, మళ్లీ మూడోసారి సాచారు. మూడో పడుగు కొస వెళ్లి చివరి రాయి మీద వాలింది. మధ్యలో నా చిటికెనవేలు కూడా దూరలేదు. మూడు నూట ముప్పై రెండులు మూడువందల తొంభై ఆరు. నేను నోటితో లెక్క వేశాను, వేళ్ల మీద వేశాను, చివరికి సిగ్గు విడిచి కాగితం మీద కూడా వేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

“పడుగును గుంతలో దించి ఎవురన్నా సాస్తారంట్రా?” అంది మేనత్త. “నువ్వు గొలుసును గుంతలో దించి, లోతును గూడ పొడుగులో చేర్చినావు. రేపు మేము గుంత పూడ్చుకుంటాం గదా, అప్పుడు ఆ రెండడుగులు యాడికి పోతాయి?”

చేను మొత్తం ఒక్కసారిగా నవ్వింది. స్కేలు సారు దవడ పట్టుకొని మరీ నవ్వారు. రేడియో పిన్ని, “యక్కా, నీ రెండడుగులూ గుంతలోనే ఉండాయి, పోయి ఏరుకో!” అంది, మేనత్త భుజం మీద చెయ్యివేసి. నేను మాత్రం నవ్వలేదు. గుంత అంచున నిలబడి, నేను చెప్పుకాలితో నొక్కిన లింకులు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటున్నాను. అజాగ్రత్తగా కొలిచి ఉంటే సరిగ్గా వచ్చేది. గొలుసును కూలీల ఇష్టానికి వదిలేసి చెట్టు కింద కూర్చుని ఉన్నా సరిగ్గానే వచ్చేది. ఇంతటి తప్పు చేయడానికి నా అంత శ్రద్ధ కావలసి వచ్చింది!

ఆ రోజే గొలుసును సమంగా గాలిలో బిగించి, దారానికి కట్టిన ఇనుప గుండును కిందికి వేలాడదీసి మళ్లీ కొలిచాను. మూడువందల తొంభై ఆరు అడుగులు, అంగుళాలు సున్న. ఆ సున్నను చూసినంత సంతోషం నాకు ఏ పెద్ద అంకెను చూసినా కలగలేదు. నాలుగు రోజులు కూర్చుని కొత్త నక్ష గీశాను. ఇరవై రెండు స్థలాలూ ముప్పై ఆరడుగులే. ఇరవై ఒక్క సంతకాలు పడ్డాక మేనత్త నింపాదిగా తన పేరు గీసింది. గడువుకు ఇంకా రెండు రోజులుండగా స్కేలు సారూ నేనూ విరుదునగర్ చేరాం. ఎర్రసిరా అయ్య ఒకసారి కూడారు. నమ్మకం కుదరక కింది నుంచి పైకి మళ్లీ కూడారు. ఉత్తర దిక్కు బాణాన్ని అనుమానంగా చూశారు. ఎర్ర కలం మూత తీశారు, కాసేపు గాలిలో పట్టుకున్నారు, మూత పెట్టేశారు. “ఎరువు ఆపేశారన్న మాట” అని నీలం కలంతో సంతకం చేసి, ముద్ర వేశారు. ఆ ముద్ర చప్పుడు నాకు డప్పు మోతలా వినిపించింది. స్కేలు సారు నాకు నూనె పరోటాలు తినిపించారు. (నాలుగు. ఆయన ఆరు తిన్నారు.) సాయంత్రం బస్సు దిగి, చుట్టిన నక్షను తల మీదికి ఎత్తి పట్టుకొని సందులోకి అడుగు పెడితే మగ్గాలన్నీ ఆగిపోయాయి, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కులవ పెట్టారు, రేడియో పిన్ని గొంతు అందరికంటే పైన వినిపించింది. “మా అల్లుడు సాధించినాడు!” అన్నది ఆమె. మేనత్త లోపలికి వెళ్లి నాకు కాఫీ కలపసాగింది.

ఈ మధ్య ఒకరి వాటా పంపకం కోసం ఆ నక్ష నకలు తీయించవలసి వచ్చింది. అలవాటు కొద్దీ అంకెలన్నీ మళ్లీ కూడాను, సరిపోయాయి. కుడిచేతి కింది మూలలో ‘కొలిచినవారు’ అనే గడి దగ్గర మాత్రం చూపు ఆగింది. అందులో ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాడు తన పేరును ఎంతో పొందికగా, పొల్లులు కూడా వంకర పోకుండా రాసుకున్నాడు. తప్పు ఎట్లా పట్టుకున్నావని ఎర్రసిరా అయ్య ఆ రోజు అడిగితే, పడుగు ఊసెత్తకుండా “మళ్లీ కొలిచాను సార్” అని వాడు చెప్పిన జవాబు కూడా గుర్తొచ్చింది. అబద్ధం కాదు, నిబంధనలకు విరుద్ధమూ కాదు. వాడి మీద కోపం తెచ్చుకోబోయి నవ్వేశాను. తర్వాత స్కేలు తీసి ఆ గడిలో వాడి పేరు పక్కన మిగిలిన ఖాళీని కొలిచాను. ఒకటిన్నర అంగుళం ఉంది. ఇంకొక పేరు హాయిగా పట్టేది.