గడప కింది తూము

ఆళ్లగడ్డ బజారు వీధిలో మాధవయ్య కిరాణా అంగడికి ఎవరు వచ్చినా ముందు మెచ్చుకొనేది ఆ గడపనే. అంగడిని కొత్తగా కట్టించినప్పుడు, గడప కింద మురుగు పారితే లక్ష్మి నిలవదని వాస్తు చూసే పెద్దమనిషి చెప్పాడు. వెనుక వీధి వాననీటిని వాగులోకి చేర్చే తూము సరిగ్గా అక్కడే ఉంది. మాధవయ్య తూము నోట రాళ్లు కుక్కించి, కాంక్రీటు పోయించి, దానిపై గడప నిలిపి, పసుపు పూయించి, కొబ్బరికాయ కొట్టాడు. అడ్డు చెప్పవలసినవారంతా కొబ్బరి ముక్కలు తిని వెళ్లిపోయారు.

ఆ తరువాత వచ్చిన తొలి పెద్దవానకే వెనుక వీధి చెరువైంది. నీటికి దారి లేదు. చర్చి పక్కన జీవమ్మ ఇంటి మట్టిగోడ నాని, ఆమె భర్త కొండయ్య కాలి మీద కూలింది. జీవమ్మ మాధవయ్య అంగట్లోనే శనగలు చెరిగి, రాళ్లేరే మనిషి.

మాధవయ్య ఆ పూట పెద్ద గుండిగల్లో పులిహోర వండించి, మోకాటి లోతు నీళ్లలో తానే ముందు నడిచి, వీధివాళ్లు తలదాచుకొన్న చర్చికి మోయించాడు. ఆయన మంచి మనసుతోనే పెట్టాడు. ఆ మాట నిజం. నీళ్లు ఎందుకు నిలిచాయో ఆయనకు తెలుసన్నదీ అంతే నిజం. విచారించడానికి వచ్చిన అధికారులు అధిక వర్షమే కారణమని తేల్చి వెళ్లారు. వానను నిందించడం ఎంత సులువు! అది సంజాయిషీ అడగదు, ఎదురు తిరగదు.

కొన్నాళ్లకు, విపత్తుల ముప్పును తగ్గించడంపై నంద్యాలలో ఒక స్వచ్ఛంద సంస్థ సదస్సు పెట్టి, మాధవయ్యను సన్మానానికీ, జీవమ్మను బాధితుల తరఫున మాట్లాడడానికీ పిలిచింది. వాన ముప్పు మాత్రమేననీ, దానిని విపత్తుగా మార్చేది మనం పూడ్చిన కాలువలూ, ఆక్రమించిన వాగులూ అనీ వక్త చెబుతుంటే మాధవయ్య తల వంచుకొని కూర్చున్నాడు. అదే వక్త వచ్చి ఆయన భుజాన శాలువా కప్పాడు. సభ చప్పట్లు కొట్టింది.

తరువాత జీవమ్మ చేతికి మైకు ఇచ్చారు.

"శెట్టి మాకు అన్నం పెట్టినాడప్పా. ఆ పొద్దు ఆయప్ప లేకుంటే మా వీధిలో పిల్లోళ్లు పస్తుండేటోళ్లు."

"మరి నీళ్లు ఎందుకు నిలిచాయమ్మా?" అని వక్త అడిగాడు.

జీవమ్మ ఒక్కసారి మాధవయ్య వైపు చూసి, చూపు తిప్పుకొంది. "దేవుడిచ్చిన వానప్పా. మేమేం జేస్తాం?"

నీళ్లు నిలవడానికి తాను మూసిన తూమే కారణమని వెనుక వీధిలో ఎవరికీ తెలియదని అంతవరకు మాధవయ్య అనుకొన్నాడు. ఆ చూపుతో అనుమానం పుట్టింది. తిరుగు బస్సులో శాలువాను మడిచి సంచి అడుగున దాచాడు. ఆళ్లగడ్డలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా కొండయ్య మంచం దగ్గరికి వెళ్లాడు. జీవమ్మ స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు.

"కొండయ్యా, ఆ తూము మూసింది నేనేప్పా."

కొండయ్య కట్టు కట్టిన కాలిని కాస్త జరుపుకొన్నాడు. "ఏందీ, ఇది చెప్పేకా వచ్చినావు? మాకు తెల్దా శెట్టీ? వీధి వీధంతా తెలుసు."

"తెలిసీ ఒక్కరూ అడగలేదే!"

"అడిగితే యాడ పని చేసేది యీమె? ఉప్పూ పప్పూ అరువు ఎవరిస్తారు మాకు? నీతో కొట్లాడి ఈ వీధిలో ఎవరు బతికేది?"

తన మంచితనాన్ని గౌరవించి వీధి తనకు నమస్కరిస్తోందని ఇన్నాళ్లూ మాధవయ్య నమ్మాడు. ఆ నమస్కారాలన్నీ భయంతో పెట్టినవేనని ఇప్పుడు తెలిసింది. చెప్పులు వేసుకోవడం కూడా మరచి బయటికి నడిచాడు.

మరునాడు పొద్దున్నే గడ్డపార తెచ్చి గడపకు ఆనించాడు. భార్య లక్ష్మీదేవి పరుగెత్తుకొచ్చింది.

"ఏందండీ మీరు చేస్తాండేది? పూజ చేసిన గడప! పెండ్లి కావల్సిన కూతురుండే ఇల్లు!"

"మనింట్లోకి లక్ష్మి రావాలని కొండయ్య కాలు విరగ్గొట్టినా లక్ష్మీ. పక్కకు జరుగు."

పక్క అంగడి నుంచి వరసకు అల్లుడైన వేణుమాధవ్ గొంతు వినిపించింది. "మామా, శాలువా కప్పితే పూనకం వచ్చినాదా యేంది? నువ్వు పగలగొడితే రేపు మా అంగళ్ల ముందర కాలువ మీద పరిచిన బండలు గూడా తియ్యమంటారు గదా!"

"తియ్యాల్సిందే రా."

గడప రాయి మధ్యకు పగిలింది. కింది కాంక్రీటు మాత్రం గట్టిగా పట్టుకొని ఉంది; చాలా సిమెంటు వేయమని అప్పుడు మేస్త్రీని పోరినది తానే. అలవాటు లేని చేతులకు బొబ్బలు లేచాయి. వెనుక వీధివాళ్లు వచ్చి దూరంగా నిలబడ్డారు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ సాయానికి రాలేదు. వారి ముఖాలను చూసే ధైర్యం లేక ఆయన తల దించుకొనే తవ్వుతున్నాడు.

చేట చంకన పెట్టుకొని పనికి వచ్చిన జీవమ్మ ఆ గుంతలోకి తొంగి చూసి, ఆకాశంలో కమ్ముకొస్తున్న మబ్బుల వైపు చూసింది.

"బిరీన కానీ శెట్టీ. మోడం పడతాంది."