మిషనమ్మ కొన్న ఆకుపచ్చ బండి

మా మేనత్తను అందరూ మిషనమ్మ అనేవారు. ముప్పై ఏళ్లుగా కుట్టు మిషన్లు బాగుచేయడం ఆమె పని. ఎవరైనా మిషన్ తెస్తే వెంటనే విప్పేది కాదు. చక్రం తిప్పమని చెప్పి, కళ్లు మూసుకుని వినేది. రోగం చెవికి అందాకే స్క్రూడ్రైవర్ పట్టేది.

సెలవు రోజు మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఊరి వెనక కొండబాటలన్నీ ఆమెకు కొట్టిన పిండి. యాభై ఎనిమిదో ఏట ఒక బట్టల ఫ్యాక్టరీలో మెట్లమీద జారి కుడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ కాలు వంగడం మానేసింది. ఇక కొండల సంగతి మర్చిపొమ్మన్నాడు డాక్టరు. మర్చిపోవాలని రెండేళ్లు ప్రయత్నించింది. ఆమెకు చేతకాని పని నేను చూసింది అదొక్కటే.

ఒకరోజు తోటమాలి ఒకాయన మిషన్ తీసుకుపోవడానికి చిన్న ఏటీవీ మీద వచ్చాడు. నాలుగు లావు టైర్లు, పొట్టి సీటు, రాళ్లూ గుట్టలూ ఎక్కే బండి. అత్త తాగుతున్న టీ వదిలేసి బయటికొచ్చింది.

"బ్రేకు కాలితోనా, చేత్తోనా?"

"రెండూ చేత్తోనే అమ్మా. చిన్నబండి కదా, గేర్ల గొడవ లేదు. ముందుకీ, వెనక్కీ, అంతే."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్య ముద్ద ఆపి, "ఈ వయసులో నీకు ఆటబొమ్మ కావాలా?" అన్నాడు.

"మీకు చదరంగం లేదూ? నేనేమన్నా అన్నానా?"

కొత్తబండి ధర వింటేనే కళ్లు తిరిగాయి. అందుకని నన్ను వెంటబెట్టుకుని పాతబండ్లు అమ్మే షెడ్డుకు వెళ్లింది. అక్కడ చిన్నవి రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రగా మెరిసిపోతోంది. రెండోది వెలిసిపోయిన ఆకుపచ్చది, సీటు చిరిగింది. షెడ్డు యజమాని ఎర్రదాన్ని ఆకాశానికెత్తాడు. ఒక్క నొక్కుకే స్టార్టయింది కూడా.

అత్త దాన్ని ఆపించి, ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చూసింది. "మేం రాకముందే వేడి చేసి ఉంచారేం బాబూ? చల్లగా ఉంటే అందుకోదా?"

ఆయన నవ్వేసి ఎర్రదాని సీటు తుడవడం మొదలుపెట్టాడు. అత్త చేతికర్ర పక్కన పెట్టి, వంగని కాలు చాపుకుని నేలమీద కూర్చుని బండి అడుగు తడిమింది. కొత్త రంగు కింద, విరిగినచోట అతుకు వేసిన గీత దొరికింది.

"ఇక ఆ పచ్చది తియ్యండి. చల్లగా ఉందిగా?"

అది మూడోసారికి గానీ అందుకోలేదు. అత్త కళ్లు మూసుకుంది. చాలాసేపు విన్నాక, "దగ్గుతోంది గానీ గుండె గట్టిదే. కార్బురేటర్ కడిగితే చాలు," అంది.

ఇంటికి తెచ్చి వారంపాటు దానితోనే కాపురం చేసింది. కార్బురేటర్ కడిగింది. సీటు తానే కుట్టింది. వంగని కాలు చాపుకోవడానికి వీలుగా కుడివైపు కాలు పెట్టుకునే ఇనుప పలకను ముందుకు జరిపి బిగించింది. మూతబడిన ఇటుకల బట్టీ ఆవరణలో నెలరోజులు నడపడం నేర్చుకుని, హెల్మెట్ పెట్టుకుని కొండబాట పట్టింది. వెనకాల నేను నడిచాను.

సగం దూరంలో ఏటవాలు. గులకరాళ్లు జారి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె ముందుకు వాలి బండిని నిలబెట్టి, మెల్లగా వెనక్కి దింపింది. ఇంజను ఆపింది.

"భయమేసిందే," అంది.

"ఇంటికి పోదాం అత్తా."

"భయమేసిందన్నానుగానీ, పోదామన్నానా? ఆ రాళ్లు కాస్త పక్కకి నెట్టు."

నేను రాళ్లు తీశాను. ఆమె సీసాలో నీళ్లన్నీ తాగేసి, బాటను కాసేపు పరికించి చూసి, ఈసారి ఏటవాలు తక్కువున్న అంచు పట్టుకుని ఎక్కించింది. నేను రొప్పుతూ పైకి చేరేసరికి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని లోయలోకి చూస్తోంది. పలకరించబోయి, ఆమె చెంపలు తడిగా ఉండటం చూసి పక్కనున్న రాయి మీద కూర్చున్నాను.

ఇప్పుడామెకు అరవై నాలుగు. సెలవు రోజు పొద్దున్నే టైర్లలో గాలి చూసేది మామయ్యే. చూడమని ఎవరూ చెప్పలేదు. ఎవరైనా ఆగి చూస్తే, "మా ఆవిడ బండి. ఏరి కొంది," అంటాడు.