రంగూనులో పచ్చి చింతచిగురు

మేము మార్కాపురం వదిలి రంగూనులో ఉన్న రోజులవి. జ్వరం తగ్గినా మా పిల్ల అన్నం ముట్టలేదు. పక్కింటి బర్మా ఆమె నేర్పిన తీరున పచ్చి చింతచిగురులో వేయించిన శనగపిండి, ఉల్లిపాయ, నూనె కలిపి పెడితే ఇష్టంగా తినసాగింది.

అంతలో మాలాగే రంగూను చేరిన, వరసకు వదినయ్యే గిద్దలూరు ఆమె వచ్చి పళ్లెం లాక్కుంది.

"ఏంది వదినా ఇది? పచ్చాకు మేకలు తింటాయి గాని మనుషులు తింటారా?" అంటూ వీధిలో పారబోసింది.

నాకు ఒళ్లు మండింది. "మేకల వెంట తిరుగుతా చింతచిగురు నమిలి పెరిగినదానివి నువ్వు! కొమ్మ మీద తింటే లేని తప్పు పళ్లెంలో తింటే వచ్చిందా? బిడ్డ నోటికాడ కూడు పారేస్తావా?" అన్నాను.

మిగిలిన చిగురు మళ్లీ కలిపాను. పిల్ల కడుపునిండా తిన్నది. ఆ వాసనకు వదిన కూడా చేయి చాపింది.

ఇంటికొచ్చిన మనిషికి పెట్టకపోవడం నా జన్మలో అదొక్కసారే.